తేలుకి ఇంకా మెట్లు తొందర

జూన్ 2, సోమవారం

తేలు వచ్చాడు. మా ఫిజియోథెరపీ సెంటర్‌కి. నా చేతికి.

పొద్దున వీల్‌చైర్లో కూతురు తోసుకొచ్చింది. పక్షవాతం. ఎడమ చెయ్యి, ఎడమ కాలు. మిగతావాళ్ళకి ఒక బక్కచిక్కిన ముసలాయన కనిపించాడు. నాకు మాత్రం ఆ చెవులు కనిపించాయి. నలిగి నలిగి ముడుచుకుపోయిన చెవులు, రెజ్లింగ్ రింగులో ఏళ్ళ తరబడి తల రుద్దుకున్నవాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఉండవు. తర్వాత తల తిప్పి హాలంతా ఒకసారి చూశాడు, మమ్మల్నందర్నీ కొనిపారేసినట్టు. ఇక అనుమానం లేదు. ఆ చూపు మర్చిపోతానా నేను?

నా అభిమాన రెజ్లర్ బంగారుకొండ కాలు విరిచింది వీడే. అప్పుడు నేను ఆరో క్లాసు. నాన్న పక్కన రెండో వరసలో కూర్చున్నాను. బంగారుకొండ బోర్లా పడ్డాడు, తేలు ఆ కాలుని వెనక్కి మడిచి నడుం మీద కూర్చున్నాడు. ‘కొండి’ అనేవాళ్ళు ఆ పట్టుని. టప్‌మని శబ్దం. ఆ తర్వాత ఏడాదిపాటు బంగారుకొండ రింగులోకి రాలేదు. నాకు జ్వరమొచ్చి కొన్నాళ్ళు బడి మానేశాను. రెజ్లింగ్ అంతా ముందే మాట్లాడుకుని చేస్తారని నాకూ తెలుసు. చెవిలో పువ్వు పెట్టుకుని తిరగట్లేదు. కానీ ఆ కాలు విరగడం మాత్రం నిజం. శబ్దం నేను విన్నాను.

కూతురుండేది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. నెలాఖరుకి పరీక్ష పెడతారు. మెట్లెక్కగలిగితే ఆమె ఇంటికి వెళ్తాడు, లేకపోతే ఇక్కడే ఉండిపోయేవాళ్ళ వెనక బ్లాకుకి. వెనక బ్లాకులోకి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం నేను ఈ ఉద్యోగంలో చేరాక చూడలేదు. "వ్యాయామం చేయించడంలో నీ అంత ఓపిక ఎవరికీ లేదు, ఈయన్ని మెట్లెక్కించే పూచీ నీది" అంది డాక్టరమ్మ.

అలాగేనమ్మా అన్నాను.

జూన్ 3

డాక్టరమ్మ రేపట్నుంచే హాల్లో చెక్కమెట్ల మీద నడిపించమంటోంది. తొందర. ముందు మోకాలు గట్టిపడాలి. పుస్తకాలు చదివినవాళ్ళకి ఏం తెలుస్తుంది.

జూన్ 5

మోకాలు మడిపించాను. ఎంత మడవాలో అంతకంటే ఇంకొంచెం. తేలు కళ్ళు మూసుకుని ఒక్క కేక పెట్టాడు, హాల్లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. అప్పుడే, ఎవరూ చూడకుండా, కుడిచేత్తో నా మణికట్టు రెండుసార్లు మెల్లగా నొక్కాడు.

వదిలెయ్యమని బతిమాలుతున్నాడు. తేలు! నన్ను!

కాసేపయ్యాక చెమట తుడుచుకుంటూ, "ఎవరి అభిమానివిరా నువ్వు?" అన్నాడు. పరిచయమై వారం కాలేదు, నన్ను ‘రా’ అనడానికి వీడెవడు? బంగారుకొండ అభిమానిని అన్నాను. "అనుకున్నా. నీ పట్టులోనే తెలుస్తోంది కడుపుమంట" అని పళ్ళికిలించాడు. "వాడి కాలు విరిచినరోజు ఎంత హాయిగా నిద్రపట్టిందో తెలుసా?"

ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ మడిచాను. మళ్ళీ కేక. మళ్ళీ ఆ బతిమాలడం.

ఇంటికి నడిచే వచ్చాను, బస్సెక్కాలనిపించలేదు. చాన్నాళ్ళకి ఒంట్లో హుషారుగా ఉంది.

జూన్ 8, ఆదివారం

టీవీలో రెజ్లింగ్ చూశాను. చూశాననకూడదు, భరించాను.

ఇప్పటి ఛాంపియన్ ఒకడున్నాడు, ‘మెరుపు’ అట. వాడు రింగుదాకా నడిచి రావడానికి పొగ, మంటలు, పాట, మధ్యలో ఆగి జుట్టు ఎగరేయడం. ఈలోగా నా టీ చల్లారిపోయింది. వచ్చాక మైకు పట్టుకుని ఉపన్యాసం. కుస్తీ పట్టేవాడివా, ఓట్లడిగేవాడివా? సరే, ఆట మొదలైంది. తాడు మీంచి వీడో పల్టీ, లేచి వాడో పల్టీ. మెడ మీద పడ్డవాడు ఇటు పడి అటు లేచి పరుగు. వీళ్ళ లోకంలో నొప్పి అనేదే లేదు. అప్పట్లో ఒక్క పట్టు పడితే, అందులోంచి బయటపడతాడా లేదా అని హాలంతా ఊపిరి బిగబట్టేది. బంగారుకొండ అలా మోకాళ్ళ మీద లేచి రెండు చేతులూ చాపితే ఆడవాళ్ళు ఏడ్చేవాళ్ళు. మా నాన్న ఏడ్చాడు, నేను చూశాను. నాన్న ఏడవడం అంతకుముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఇప్పుడేమో జనం ఇద్దరికీ చప్పట్లు కొడుతున్నారు. విలన్‌కి చప్పట్లేంటి? ఆ విలన్ కూడా జనానికి చేతులూపుతున్నాడు. సిగ్గుండాలి. విలన్ అంటే తేలు. వాడు రింగులోకి వస్తుంటే పక్క కుర్చీలో ముసలమ్మ గొడుగు పట్టుకుని లేచింది కొట్టడానికి. వాడు ఆగి, ఆ గొడుగు లాక్కుని, విరిచి, చక్కగా మడిచి ఆవిడ ఒళ్ళోనే పెట్టి వెళ్ళాడు. అదీ విలనంటే. వెధవే, కాదనను. పని తెలిసిన వెధవ.

ఇదంతా అక్కకి చెబుతుంటే అక్క గరిటె పట్టుకుని నిలబడి, "వారం నుంచీ ఆ ముసలాడి ఊసు తప్ప ఇంకోటి లేదు నీ నోట. పెళ్ళిచూపుల్లో చూసొచ్చిన పిల్ల గురించి కూడా ఇంత చెప్పలేదు నువ్వు" అంది. బావ కిసుక్కున నవ్వాడు. వాళ్ళింట్లో ఉంటున్నాను కాబట్టి నోరు మూసుకున్నాను.

జూన్ 10

హాల్లో టీవీ పెట్టించాను, మొన్నటి ఆటే మళ్ళీ వేస్తున్నారు. తేలు ఏమంటాడో చూద్దామని. పాతకాలం వాడు, నాలాగే దుమ్మెత్తిపోస్తాడనుకున్నాను. కాళ్ళు చాపుకుని కూర్చుని ఆ మెరుపుగాణ్ణి తెగ మెచ్చుకున్నాడు.

"చూడరా, వాణ్ణి ఎత్తి పడేసేటప్పుడు తల కింద ముందు తన చెయ్యి పెట్టాడు. కనబడిందా?"

కనబళ్ళేదన్నాను.

"కనబడకూడదు. అదే గొప్పతనం. ఈ కుర్రాళ్ళు చేసే వాటిల్లో సగం చెయ్యడానికి మాకు గుండె చాలేది కాదు."

"గంతులు. ఒక్కడికీ పట్టు తెలీదు."

"మీ బంగారుకొండకి తెలుసా? రెండు చేతులూ చాపడం తప్ప వాడికేం వచ్చు? ఒక్కరోజు కూడా అలా చెయ్యి పెట్టలేదు నాకు. నా తుంటి పాడైంది ఎవరి పుణ్యం అనుకున్నావు?"

టీ వచ్చింది. తేలు కప్పు ఎడమవైపు బల్ల మీద పెట్టాను, పడిపోయిన చెయ్యి వైపు. బల్ల కొంచెం దూరం జరిపాను కూడా. వ్యాయామమే అది ఒకరకంగా. కుడిచేత్తో ఒళ్ళంతా తిప్పి అందుకోబోయి సగం ఒంటిమీద పోసుకున్నాడు. నా వంక చూసి, "భలేవాడివిరా" అన్నాడు. నిజంగానే సంతోషంగా అన్నాడు. ఏం మనిషో.

జూన్ 12

డాక్టరమ్మ మెట్లు ఎంతవరకూ వచ్చాయని అడిగింది. చేయిస్తున్నానమ్మా అన్నాను. మోకాలు గట్టిపడితే మెట్లు ఎంతసేపు.

తేలుకి ఇంకా మెట్లు తొందర.

జూన్ 14

కూతురు వచ్చింది. బట్టల కొట్లో పని, సెలవు దొరకడం కష్టమట. కిటికీ ఉన్న గది నాన్నకిచ్చి తను ముందుగదిలోకి మారిందట, మంచం కూడా ఎత్తు తక్కువది చేయించిందట. అవన్నీ చెబుతూ తండ్రికి గడ్డం గీసింది. తేలు గడ్డం పైకెత్తి, పిల్లాడిలా కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నాకు నచ్చలేదు. తేలు అలా కూర్చోకూడదు.

"మెట్లెక్కుతున్నారా అన్నా?" అంది నన్ను.

"నెలాఖరుకి పరిగెత్తిస్తాను చూడమ్మా."

వెళ్తూ వెళ్తూ వాకిట్లో కళ్ళు తుడుచుకుంది. సంతోషంతోనే అనుకుంటా.

ఒకటి మాత్రం నిజం. నేను ఒకటంటే తేలు పదంటాడు, పదంటే వంద. రెజ్లింగ్ గురించి ఇలా వాదించే మనిషి నాన్న పోయాక నాకు దొరకలేదు. ఇది ఉత్తినే రాస్తున్నాను. మెట్లకీ దీనికీ సంబంధం లేదు.

జూన్ 17

ఇవాళ పెద్ద గొడవ. అందర్లోకీ గొప్ప రెజ్లర్ ఎవరు? నేను బంగారుకొండ అన్నాను, తేలు ‘గూటం’ అన్నాడు. గూటం ఎవడికి గుర్తు? ప్రతి ఆటా ఓడిపోయేవాడు, బట్టతల, బొజ్జ.

"ఎవడి చేతిలో పడితే అవతలివాడు వీరుడిలా కనబడతాడో వాడు గొప్పవాడు. గూటంగాడు చీపురుపుల్లతో కుస్తీపట్టినా జనం చీపురుపుల్లకి జై కొట్టేవాళ్ళు."

"ఓడిపోయేవాడు గొప్పవాడెలా అవుతాడు?"

"నీకు అర్థం కాదులే. నువ్వు టికెట్టు కొన్నవాడివి."

ఆ మాట నాకు గుచ్చుకుంది. మధ్యాహ్నం నడక కమ్మీల మధ్య నిలబెట్టి, ఫోనొచ్చిందని బయటికి వెళ్ళాను. ఫోనేం రాలేదు. తిరిగొచ్చేసరికి కమ్మీ పట్టుకుని వణుకుతున్నాడు, ముఖం పాలిపోయింది, కూర్చోవడానికి వెనక కుర్చీ లేదు. నన్ను చూడగానే పళ్ళికిలించి, "ఇంతేనా నీ ప్రతాపం?" అన్నాడు.

లొంగడు వీడు. లొంగితే గానీ వదలను.

జూన్ 20

బంగారుకొండ వచ్చాడు. తేలుని చూడ్డానికి.

తెల్ల బూట్లు, నల్లరంగేసిన జుట్టు, బొజ్జ. అయినా బంగారుకొండే. నేను వంగి వంగి నమస్కారాలు పెట్టాను, కుర్చీ తుడిచాను. వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. "ఏరా దొంగవెధవా" అంటే "ఏరా బండవెధవా" అనుకున్నారు. సరే, పెద్ద మనసు, క్షమించేశాడు అనుకున్నాను.

ఉండబట్టలేక చెప్పాను. "సార్, వీడు... ఈయన మీ కాలు విరిచినరోజు నేను రెండో వరసలో ఉన్నాను. జ్వరం వచ్చింది నాకు."

బంగారుకొండ తేలు వైపు తిరిగాడు. "ఏ కాలురా నాది?"

"కుడిది" అన్నాడు తేలు.

"కుడిదట" అన్నాడు నాతో, నవ్వుతూ.

బంగారుకొండ భార్యకి అప్పుడు కష్టమైన కాన్పు. ఆట నడిపేవాళ్ళు సెలవు కుదరదన్నారట. తేలే ఉపాయం చెప్పాడట, నేను విరిచినట్టు చేస్తాను, నువ్వు ఇంట్లో కూర్చో అని. ఏడాదిపాటు బంగారుకొండ బిడ్డనెత్తుకుని ఇంట్లో ఉన్నాడు. ఏడాదిపాటు తేలు ఇంటి కిటికీలకి రాళ్ళు పడ్డాయి. కూతుర్ని బళ్ళో ఎవరూ ఆటకి రానిచ్చేవాళ్ళు కాదట.

"మరి శబ్దం?" అన్నాను. "టప్‌మని. నేను విన్నాను."

తేలు నాలుక అంగిటికి ఆనించి ఒకసారి కొట్టాడు. అదే శబ్దం.

వెళ్ళేముందు బంగారుకొండ సరదాకి తేలు చెయ్యి మెలిపెట్టాడు. తేలు కేకపెట్టి, అతని మణికట్టు రెండుసార్లు నొక్కాడు. "ఇంకా మర్చిపోలేదు చూడు" అని మురిసిపోయాడు బంగారుకొండ. ఏమిటది అన్నాను. "పట్టులో ఉన్నవాడు నొక్కితే, నాకేం కాలేదు, నువ్వు భయపడకుండా కానియ్యి అని అర్థం తమ్ముడూ. జనానికి తెలియకుండా చెప్పుకునే మాట. అది అందకపోతే వెంటనే వదిలెయ్యాలి."

నా పేరు అడక్కుండానే ఒక ఫొటో మీద సంతకం పెట్టి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

జూన్ 21

ఏమీ రాయాలని లేదు.

జూన్ 22, ఆదివారం

ఆ ముసలాడు నన్ను ఆడించాడు. నేను వాణ్ణి ఏడిపిస్తున్నాననుకుంటే, వాడు నాకు ఏడ్చి చూపించాడు. నాకో విలన్ కావాలని మొదటిరోజే కనిపెట్టి, పళ్ళికిలించి, తిట్టి, రెచ్చగొట్టి, పైగా చెయ్యి నొక్కి ‘నాకేం కాలేదు, కానియ్యి’ అంటాడా? జాలా నా మీద? వాడి జాలి ఎవడిక్కావాలి?

అక్క పిలిచింది అన్నానికి. ఆకలి లేదన్నాను.

జూన్ 24

మోకాలు బాగా మడిచాను. చెయ్యి నొక్కబోతే విదిలించుకున్నాను. "ఆపు నీ నాటకం" అన్నాను.

"ఏం నాటకంరా? నొప్పి నిజమే. నువ్వేమీ మెత్తగా పట్టట్లేదు" అన్నాడు. కాలు సర్దుకుని, "నెలాఖరు వచ్చేస్తోంది. మెట్లెప్పుడురా?"

"నాకు తెలుసు ఎప్పుడో. తొందరపడకు."

"సరే, నీ ఇష్టం. ఒకసారి ఒళ్ళు అవతలివాడి చేతుల్లో పెట్టాక ఇక వాణ్ణి నమ్మాల్సిందే. మా పనే అంత."

వాడికెంత నమ్మకమో చూడు. నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చిందనే అనుకుంటున్నాను.

జూన్ 26

ఇవాళ మొదలుపెడదామనుకున్నాను. చెక్కమెట్లు ఖాళీ లేవు.

జూన్ 27

ఖాళీగానే ఉన్నాయి. మెరుపుగాడు పడే తీరు మీద వాదన మొదలైంది, పొద్దుపోయింది. చాలా బాగా జరిగింది వాదన.

జూన్ 30, సోమవారం

డాక్టరమ్మ, కొత్తగా చేరిన ఫిజియో అమ్మాయి, కూతురు, నేను. కూతురు ఇంటికి తీసుకెళ్ళడానికి ఉతికిన చొక్కా తెచ్చింది, అదే తొడిగింది.

తేలు చెక్కమెట్ల ముందు నిలబడ్డాడు. కమ్మీ పట్టుకున్నాడు. ఎడమకాలు ఎత్తాడు.

ఎక్కేటప్పుడు మంచికాలు ముందు వెయ్యాలి. దిగేటప్పుడు చెడ్డకాలు. మొదటిరోజు మొదటి పాఠం అది. తేలు చెడ్డకాలు ముందు వేసి దాని మీద ఒళ్ళంతా మోపాడు. మోకాలు మడతపడింది. కొత్తమ్మాయి పట్టుకోబట్టి తల తగల్లేదు.

"కుడికాలు ముందు వెయ్యాలని నేర్పలేదా తాతగారూ మీకు?" అంది.

అందరూ నా వైపు చూశారు. తేలు కూడా చూశాడు. నేల మీద కూర్చుని, ఆ ఉతికిన చొక్కాలో, కింద నుంచి చాలాసేపు చూశాడు. అంతా అర్థమైపోయింది అతనికి. ఆ ముఖంలో కోపం వస్తుందని కాచుక్కూర్చున్నాను, రాలేదు.

"నేర్పాడమ్మా" అన్నాడు. "రోజూ మొత్తుకునేవాడు పాపం. నాకే ఒళ్ళు బద్ధకం. ఒక్కరోజూ అతని మాట వినలేదు."

అప్పుడు కూతురు తండ్రి మీద విరుచుకుపడింది. "గది సర్దాను, మంచం చేయించాను, అందరి కాళ్ళూ పట్టుకుని సెలవు పెట్టాను, నీకు బద్ధకమా? నాతో ఉండాలని లేకపోతే ఆ మాట చెప్పొచ్చు కదా నాన్నా." తేలు తలొంచుకుని, "తప్పయిపోయిందే" అన్నాడు. ఆమె ఏడుస్తూ నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరు చెయ్యగలిగిందంతా చేశారన్నా" అంది.

వెనక బ్లాకు. డాక్టరమ్మ నా భుజం తట్టి, అక్కడ కూడా ఆయన్ని నువ్వే చూసుకో అంది.

నేను నోరు తెరవలేదు. ఆయనే చెప్పాక ఇక నేను చెప్పేదేముంది.

జూలై 2

వెనక బ్లాకు గదికి కిటికీ ఉంది, గోడ వైపుకి. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"తేలూ."

"చెప్పండి" అన్నాడు.

ఎవర్ని అంటున్నాడో అని వెనక్కి చూశాను. ఎవరూ లేరు.

"వాళ్ళ ముందు ఎందుకు చెప్పలేదు?"

"జనం ముందు అవతలివాణ్ణి పట్టివ్వకూడదండీ. మా పనిలో పద్ధతి."

"ఇప్పుడు జనం లేరుగా. తిట్టు. కొట్టు కావాలంటే."

"ఆట అయిపోయిందండీ" అన్నాడు. గోడ వైపు చూస్తూ, మర్యాదగా.

జూలై 4

మోకాలు మడిపించాను, సరిగ్గా, ఎంత మడవాలో అంతే. కేక పెట్టలేదు. నొప్పిగా ఉందా అంటే "పర్లేదండీ" అన్నాడు. రేపట్నుంచి చెక్కమెట్లు మొదలుపెడదాం, మళ్ళీ పరీక్ష పెట్టించమని డాక్టరమ్మ కాళ్ళు పట్టుకుంటాను అన్నాను. "ఎందుకులెండి. మా అమ్మాయి ఆ గది అద్దెకిచ్చేసింది" అన్నాడు.

జూలై 6, ఆదివారం

సెలవైనా వెళ్ళాను. టీవీ పెట్టాను. ఛాంపియన్ మెరుపు ఓడిపోయాడు. బంగారుకొండకి ఏమీ రాదు, చేతులు చాపడం తప్ప, అన్నాను. ఇప్పటివాళ్ళే గొప్ప అన్నాను. గూటం అందర్లోకీ గొప్ప, నువ్వు గూటం కంటే గొప్ప అన్నాను. ఇలాంటివి నా నోటితో అంటానని ఎప్పుడూ అనుకోలేదు.

"మీరెలా అంటే అలాగేనండీ" అన్నాడు.

కూతురు రాలేదు.

జూలై 9

ఇవాళ వెళ్ళేసరికి గదిలోంచి నవ్వు వినబడింది. తలుపు దగ్గరే ఆగిపోయాను. గదులు తుడిచే అతను కర్ర గోడకానించి నిలబడి ఉన్నాడు. రెజ్లింగ్ అంటే ఏంటో తెలియని మనిషి, జన్మలో ఒక్క ఆట చూసుండడు. తేలు మంచం మీద ఒకచేత్తో గాల్లో పట్టు పట్టి చూపిస్తున్నాడు.

"అది కాదురా తింగరోడా, నడుం మీద కూర్చోవాలి. కూర్చుని జనం వంక చూడాలి, కొనిపారేసినట్టు. ఏదీ, చూడు నావంక. ఛ, నీ మొహం, నువ్వు విలన్‌గా పనికిరావురా."

అతను పగలబడి నవ్వుతున్నాడు. తేలు కూడా. అంత గట్టిగా నవ్వడం నాతో ఉన్నప్పుడు కూడా ఎప్పుడూ వినలేదు.

లోపలికి వెళ్ళాను. తేలు నవ్వాపి, దుప్పటి సర్దుకుని, కాలు తీసి నాకు అందేలా చాపి పెట్టాడు.

"రండి సార్" అన్నాడు.